ఎంగిలి లేని పట్కారు

మా ఆయన పట్నంలో ఒక పండ్ల డాక్టరు దగ్గర ఆరేళ్లు పనిచేసి మూడు విద్యలు నేర్చుకొని వచ్చాడు. పండ్లు పీకడం, కట్టుడు పండ్లు చేయడం, పెద్దమనుషుల ముందు నడుం వంచడం. మొదటి రెండూ ఫరవాలేదనిపించేవాడు. మూడోదాంట్లో ఆయనకు సాటి వచ్చేవాడు చిట్యాల దాకా వెతికినా దొరికేవాడు కాదు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డ నాలుగైదేళ్లకు నకిరేకల్‌లో బజారు రోడ్డు మీద ఒక మడిగె కిరాయికి పట్టి, ముందు భాగంలో కుర్చీ వేసి, రేకు బోర్డు మీద ఎర్రటి చిగుళ్లతో నవ్వుతున్న పండ్ల వరుస గీయించాడు. ఆ నవ్వు చూసి సంతకు వచ్చిన పసిపిల్లలు ఏడ్చేవాళ్లు. వెనక రెండు గదుల్లో నేను, మా అత్త, నా ఇద్దరు పిల్లలు ఉండేవాళ్లం.

సామాను కడిగే పని నాది. పట్కార్లు, చిన్న అద్దం, మత్తు సూది. పట్నం డాక్టరు మా ఆయనకు ఒక మంచి అలవాటు నేర్పాడు, పొద్దున లేవగానే సామానంతా నీళ్లలో వేసి మసలబెట్టాలి. రోజుకు ఒక్కసారి. ఆ తర్వాత పొద్దుగూకేదాకా ఎన్ని నోళ్లు తెరుచుకుంటే అన్ని నోళ్లలోకీ ఆ పట్కారే పోయేది. మధ్యమధ్య ఒక గుడ్డతో తుడిచేవాడు. ఆ గుడ్డ రంగు గురించి నన్ను అడగవద్దు. మసలబెట్టడం కూడా ఇంటి పొయ్యి మీద కాదు. "మంది నోట్ల పెట్టిన ఇనుము నా పొయ్యి మీదికెక్కితె నేను గీ ఇంట్ల అన్నం ముట్ట," అని మా అత్త మొదటిరోజే చెప్పేసింది. అందుకని వెనక వాకిట్లో మూడు రాళ్లు పెట్టి, ఒక సత్తు గిన్నె దానికే కేటాయించాను.

మా పుట్టిల్లు రామన్నపేట దిక్కు ఒక చిన్న ఊరు. గొర్లు మేపుకునే ఇల్లు మాది. మా బాపు గొర్రె పెదవిని వేలితో ఎత్తి, ఇది రెండు పండ్లది, ఇది నాలుగు పండ్లది అని వయసు చెప్పేవాడు. అల్లుడు కూడా పండ్లు చూసేవాడే దొరికాడని ఆయనకు ఒకటే సంబరం. "ఇద్దరిదీ ఒక్కటే పని బిడ్డా," అనేవాడు నాతో. "నేను పండ్లు చూసి గొర్రెను ఉంచుకుంట. నీ మొగడు పండ్లు చూసి పీకుతడు. గంతే ఫరక్." తాను మాత్రం అల్లుడి కుర్చీలో ఎన్నడూ కూర్చోలేదు. తన పండ్లు ఇనుపవని ఊరంతా చెప్పుకునేవాడు.

ఆ యేడు ఎండకాలంలో పసిరికలు వచ్చాయి. పుస్తకాల్లో కామెర్లు అంటారు. వాడకొకరిద్దరు పచ్చటి కళ్లతో గోడకు ఆనుకొని కూర్చునేవాళ్లు. ఆకు పసరు పోసేవాళ్లకూ మణికట్టు మీద వాత పెట్టేవాళ్లకూ క్షణం తీరిక లేదు. వాతలు పెట్టించుకున్నవాళ్లు చేతులు చాచి ఒకరికొకరు చూపించుకునేవాళ్లు, ఎవరి వాత చక్కగా పడిందో అని. అప్పుడే ఒకరోజు శానిటరీ ఇన్‌స్పెక్టరు మా మడిగెకు వచ్చాడు. కోస్తా వైపు మనిషి. మా మాట వింటే ఆయనకు నవ్వు ఆగేది కాదు. ఆయన మాట వింటే మాకు రేడియో పెట్టినట్టు ఉండేది.

"చూడండీ, ఒక్కొక్క రోగి లేచిన తర్వాత ఈ పరికరాలను మరిగే నీళ్లలో ఇరవై నిమిషాలు ఉంచాలండీ. లేకపోతే సూక్ష్మక్రిములు ఒకరి నోటి నుంచి ఇంకొకరికి సంక్రమిస్తాయండీ. మరగబెట్టడం మరచిపోకండి," అన్నాడు. మా ఆయన నడుం వంచి అన్నిటికీ తల ఊపాడు.

మా దిక్కు నీళ్లు మసులుతాయి. మరుగు అంటే చాటు. ఆ మధ్యాహ్నం చూస్తే పట్కార్లు ఒక్కటీ కనిపించలేదు. కుర్చీలో ఒకాయన దవడ పట్టుకొని మూలుగుతున్నాడు, మేం ఇల్లంతా వెతుకుతున్నాం. చివరికి జొన్నల గుమ్మి వెనక, గోనెసంచి కింద దొరికాయి. "సారు మరుగుల పెట్టుమనె గద. గంత మరుగుల ఇంకెవలు పెడ్తరు?" అని మా అత్త మెప్పు కోసం ఎదురుచూసింది. మా ఆయన తల పట్టుకున్నాడు. నాకైతే, ఆ యేడు ప్రభుత్వం మాటను అంత శ్రద్ధగా పాటించిన మనిషి ఆమె ఒక్కతే అనిపించింది.

అసలు కష్టం పండ్ల నొప్పి ఉన్నవాళ్లతో. నొప్పి నెత్తికెక్కి వచ్చిన మనిషిని ఇరవై నిమిషాలు కూర్చోబెట్టి, నీళ్లు మసులుతున్నాయి ఆగు అంటే ఎవరు ఆగుతారు? సూక్ష్మక్రిములు అంటే అర్థం కాలేదని, మా ఆయన పురుగులు అని చెప్పి చూశాడు. ఒక బండి తోలేవాడు పడీపడీ నవ్వాడు. "పంటికి పురుగు వడుతది గని ఇనుముకు పురుగు వడుతదా డాక్టర్ సాబ్? నా బండి ఇరుసుకు ఎన్నడన్న పురుగు వట్టిందా?" అన్నాడు. కుర్చీ చుట్టూ ఉన్నవాళ్లంతా ఇరుసు వైపే ఉన్నారు.

మా ఆయన తెలివైనవాడే. ఆ తెలివి ఎప్పుడు వస్తుందో, వచ్చి ఎటు పోతుందో ఆయనకే తెలియదు. ఒకరోజు ఒక ముసలామె, "ఎందుకయ్య గింతసేపు? నా పానం పోతాంది," అని కసిరింది. ఈయన విసుగుతో అనేశాడు. "అవ్వా, నీకంటె ముందు కూసున్నాయన ఎంగిలున్నది దీనికి. మసలబెడితె గని పోదు." ఆమె తెరిచిన నోరు ఠక్కున మూసుకుంది. చెంగు అడ్డం పెట్టుకుంది. "అయ్యో, ఎంగిలా? అయితె మసలబెట్టు నాయినా. ఇంకింతసేపు మసలబెట్టు, నేను యాడికి పోత," అన్నది.

అంతే. అన్న కొరికిన జామకాయను తమ్ముడు ముట్టని జనానికి ఇంకేం చెప్పాలి? పదిరోజుల్లో ఊరు మారిపోయింది. కుర్చీ ఎక్కేముందు తామే అడిగేవాళ్లు, "ఎంగిలి పోయిందా?" అని. కొందరు వెనక వాకిట్లోకి వచ్చి గిన్నెలోకి తొంగిచూసి, నీళ్లు కుతకుతలాడుతుంటే తృప్తిగా తిరిగి వెళ్లేవాళ్లు. ఇరవై నిమిషాలు ఆగమంటే అరగంట ఆగారు. మా ఆయన ఛాతీ విరుచుకొని తిరిగాడు. "సర్కారు గన్ని కాయిదాలు పంచినా కాని పని, నేను ఒక్క మాటతోని చేసిన," అని అన్నం తింటూ నాకు చెప్పేవాడు. ఒక్కసారి కాదు, రోజుకు రెండు పూటలా చెప్పేవాడు. నేనూ మురిశాను. అబద్ధమెందుకు, నా మొగుడు మాటకారి అని చాలా మురిశాను.

అప్పుడు మా పుట్టింటి ఊరి పటేలు వచ్చాడు. ఆముదాలు అమ్మడానికి నకిరేకల్ మండికి వచ్చినప్పుడల్లా, ఊరి అల్లుడి దుకాణం కదా అని మా మడిగెలో కాసేపు కాలు చాపి కూర్చునేవాడు. ఆ రోజు దవడ పన్ను కదులుతున్నదని కుర్చీ ఎక్కాడు. గిన్నె ఉడుకుతున్న చప్పుడు విని, "గదేందోయ్ డాక్టరూ, ఏం వండుతున్నరు?" అన్నాడు.

"పట్కార్లు పటేలా. ఎంగిలి పోవాల్నని మసలబెడ్తున్నం."

"ఎవల ఎంగిలి?"

మా ఆయన ఈ ప్రశ్నను ఊహించలేదు. "వచ్చినోళ్లందరిది పటేలా," అన్నాడు మెల్లగా.

"అందరియి ఒక్క గిన్నెలనేనా?"

"ఆ, పటేలా."

పటేలు కుర్చీలో నిటారుగా లేచి కూర్చున్నాడు. "ఎంగిలి పోయిందంటవేందిర? ఊరందరి ఎంగిలేసి చారు గాసినవు. గా చార్ల ఉడికిన ఇనుము తెచ్చి నా నోట్ల పెడ్తవా?"

తలుపు చాటున ఉన్న నాకు నవ్వు ఆగలేదు. ఆయన లెక్కలో తప్పేముంది? ఎంగిలి అని మేమే అన్నాం. పది మంది ఎంగిలి ఒక గిన్నెలో వేసి ఉడికిస్తే దాన్ని చారు అనక ఇంకేమంటారు? పట్నం డాక్టరు గానీ, రేడియో మాటల ఇన్‌స్పెక్టరు గానీ ఆ రోజు మడిగెలో ఉంటే ఏం జవాబు చెప్పేవాళ్లో చూడాలని ఉండేది.

మా ఆయన చెప్పిన జవాబు మాత్రం వారం తిరిగేలోపు వచ్చింది. వడ్రంగితో ఒక చిన్న టేకు పెట్టె చేయించాడు. అందులో కొత్త పట్కారు, కొత్త సూది, నా పెళ్లి చీరెలోంచి చింపిన పట్టుగుడ్డ. అది పెద్దమనుషుల సామాను. మిగతావాళ్లకు గిన్నెలోవి. "సరే, రెండు జతలు పెట్టుకో. పెట్టెలదానికి వేరే గిన్నె పెడ్త, వేరే నీళ్లల్ల మసలబెడ్త," అన్నాను నేను. మంచి ఉపాయమే అని ఆయన పటేలుతో చెప్పాడు. పటేలు కళ్లెర్రజేశాడు. "మసలబెట్టుడంటె ఎంగిలున్నదనే గద? నాకు ఎంగిలున్నదంటున్నవా?"

మసలబెట్టడమంటే తిట్టడం అయిపోయింది. పటేలుకు సొంత తమ్ముడు తాగిన గిలాస పనికిరాదు. కానీ ఆ తమ్ముడి నోట్లో పెట్టిన పట్కారు, రైసుమిల్లు షావుకారు నోట్లో పెట్టిన పట్కారు, పసుపు నీళ్లలో ఒక ముంచు ముంచి పట్టుగుడ్డతో తుడిస్తే పరమ పవిత్రం. పసుపు నీళ్లలో ముంచే ముచ్చట కూడా మా ఆయన బుర్రలో పుట్టిందే. ఇక రోజూ ఒకటే ప్రశ్న, "పెట్టెలదా, గిన్నెలదా?" మిల్లు షావుకారుకు పెట్టెలది. ఆముదాల అడ్తీదారుకు పెట్టెలది. బడిలో పిల్లలకు సూక్ష్మక్రిముల పాఠం చెప్పే పెద్ద పంతులు కూడా గొంతు తగ్గించి, "నాకు పెట్టెలది తియ్యి," అన్నాడు. నాగలి పట్టేవాళ్లు, బట్టలు నేసేవాళ్లు, నిన్నటిదాకా గిన్నెలోకి తొంగిచూసి సంతోషపడ్డవాళ్లు, ఒక్కొక్కరే పెట్టె వైపు చూడసాగారు. ఒకాయన పిల్లకు సంబంధం చూస్తూ, "గా ఇంటోళ్లకు మీరు ఏది పెడ్తరు?" అని మా ఆయనను చాటుగా అడిగి పోయాడు.

గిన్నెలోది ఊరవతలి వాడవాళ్లకు మిగిలింది. వాళ్లు కుర్చీ దాకా రారు, రానివ్వరు. అరుగు మీద కూర్చునేవాళ్లు. వాళ్ల కోసం నేను రోజంతా కట్టెలు ఎగదోసి మసలబెట్టేదాన్ని. "మా నోటి కోసం గింత కట్టె కాల్చేటోళ్లు ఎవలున్నరు బిడ్డా," అని ఒక అవ్వ నా తల నిమరబోయి, ఠక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఊళ్లో పసిరికలు తగ్గలేదు. నాకు చదువు నాలుగో తరగతే, అయినా ఆ ఇన్‌స్పెక్టరు చెప్పింది చెవిలో మోగుతూనే ఉంది. మా ఆయన మధ్యాహ్నం కునుకు తీసే వేళ పెట్టెలో సామాను తీసి, చాటుగా మసలబెట్టి, చల్లారబెట్టి, పట్టుగుడ్డలో చుట్టి పెట్టసాగాను. అత్త చూసి కూడా చూడనట్టే ఊరుకుంది. ఎనిమిది తొమ్మిది రోజులు సాగింది. పదో రోజు, పట్కారు ఇంకా గిన్నెలో ఉండగానే, పటేలు కచ్చరం బండి మడిగె ముందు ఆగింది. పన్ను నిద్రపోనివ్వడం లేదట. నేను పరుగున పట్కారు తీసి, తుడిచి, పట్టుగుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టాను. మా ఆయన కళ్లు నులుముకుంటూ వచ్చి దాన్ని పట్టుగుడ్డతోనే పట్టుకున్నాడు కాబట్టి వేడి తెలియలేదు. పటేలు పెదవికి తెలిసింది.

ఆయన అరుపుకు ఎదుటి దుకాణాల్లోవాళ్లు తరాజులు వదిలేసి వచ్చారు. "మసలబెట్టిన్రు! నా నోట్లకు మసలబెట్టినది తెచ్చిన్రు!" విషం పెట్టారన్నా అంతగా అరిచేవాడు కాదు. పెదవి మీద బొబ్బ లేస్తోంది, ఆయనకు ఆ ధ్యాసే లేదు. మా ఆయన నా వైపు చూశాడు. నేను తల దించుకోలేదు. "ఆడమనిషి పటేలా, తెల్వక చేసింది," అని నడుం ఉన్నదానికన్నా ఇంకొంచెం వంచాడు. పదిమంది ముందు పెట్టె మీద చెయ్యి వేసి, ఇందులో సామాను ఇక ఎన్నడూ నిప్పు చూడదని ప్రమాణం చేశాడు. పెట్టెకు తాళం పడింది. తాళంచెవి ఆయన మొలతాడుకు ఎక్కింది.

ఆ తర్వాత నాలుగు రోజులకు పటేలు తమ్ముడు వచ్చాడు. దవడ పన్ను పీకించుకొని, నీళ్లు పుక్కిలించడానికి వెనక వాకిట్లోకి వచ్చాడు. ఎండలో నేను ఆయన కళ్లు చూశాను. పసుపు పచ్చగా ఉన్నాయి. ఆయన పోగానే మా ఆయనతో చెప్పాను. "ఆయనకు పసిరికలున్నయి. గా పట్కారు, గా సూది మసలబెట్టాలె. తాళంచెవి ఇయ్యి."

"నీ కండ్లే పచ్చగున్నయి. పసుపు నీళ్లల్ల ముంచిన గద," అన్నాడు. "పదిమంది ముందట ఒట్టేసిన. నా ఇజ్జత్ తీస్తవా?"

రెండు రోజులు బతిమాలాను, తిట్టాను. మూడో రోజు మా బాపు వచ్చాడు.

గొంగడి భుజాన వేసుకొని, దవడకు రుమాలు కట్టుకొని, రామన్నపేట నుంచి బస్సు దిగి మడిగెలోకి వచ్చాడు. చెంప ఇంత లావు వాచింది. ఇనుప పండ్లలో ఒకటి పుచ్చిందని చెప్పుకోవడానికి సిగ్గుపడుతున్నాడు. మడిగెలో ఐదారుగురు ఉన్నారు, అందులో మా ఊరివాళ్లు ఇద్దరు. నేను గిన్నెలో నుంచి పట్కారు తీసి పళ్లెంలో పెట్టి తెచ్చాను. బాపు దాని వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"గిది గిన్నెలది గద? నా అల్లుని దుకాన్ల నాకు గిన్నెలదా బిడ్డా?"

ఊరివాళ్లు ఇద్దరూ ముసిముసిగా నవ్వారు. నేను బాపు చెయ్యి పట్టుకొని వెనక గదిలోకి గుంజుకుపోయాను. పెట్టెలోది ఎవరి నోట్లో పెట్టారో, ఆయన కళ్లు ఎట్లా ఉన్నాయో చెప్పాను. "బాపూ, గాలికుంటు వచ్చిన గొర్రెను మందల నుంచి తీసి దూరం కడ్తవు. దాని కుడితి తొట్టి ఇంకో గొర్రెకు పెట్టవు. నీకు ఎవలు చెప్పిన్రు? గిది గూడ గట్లనె. నీ కాళ్లు మొక్కుత, గది వద్దు."

"గొర్రెకు ఇజ్జత్ ఉండదు బిడ్డా," అన్నాడు. తర్వాత వాచిన చెంపతోనే వంకరగా నవ్వాడు. "పటేలు తమ్మునికి పెట్టిందేనా? నిజమేనా? గా ఇంటికి ముప్పై ఏండ్ల సంది గొర్ల పాలు, ఉన్ని మోసిన. ఒక్కనాడు వాళ్ల చెంబు ముట్టనియ్యలే. గియ్యాల వాళ్ల నోట్ల పెట్టింది నా నోట్ల పెడ్తమంటె వద్దంటనా?"

ఇప్పుడు ఆలోచిస్తే ఆ మాటకు వంద జవాబులు దొరుకుతాయి. ఆయన కాళ్లకు అడ్డం పడుకోవలసింది. పెట్టె ఎత్తి బావిలో వేయవలసింది. నేను చేసింది ఏమిటంటే, కోపంతో పళ్లెం గోడకు కొట్టి వాకిట్లోకి పోయాను. మొండివాళ్లతో వేగలేక పోతున్నానని నామీద నేనే జాలిపడుతూ కూర్చున్నాను. లోపల మొలతాడు నుంచి తాళంచెవి విప్పిన చప్పుడు వినిపించింది. బాపు నోరు ఎంత పెద్దగా తెరిచాడో ఊరివాళ్లు తర్వాత చెప్పి నవ్వారు. అందరికీ కనబడాలని రోడ్డు వైపు తిరిగి కూర్చున్నాడట.

వారానికే పటేలు తమ్ముడు మంచం పట్టాడు. ఆముదం చేలు మోకాలెత్తు వచ్చేసరికి మిల్లు షావుకారుకు కళ్లు పచ్చబడ్డాయి. ఆ తర్వాత పెద్ద పంతులుకు. ఆ తర్వాత అడ్తీదారుకు. పెట్టెలో నుంచి వచ్చిందో, ఊరి నీళ్లలో నుంచి వచ్చిందో నాకు తెలియదు, తెలుసని ఎవరైనా అంటే నమ్మను. నాకు తెలిసింది ఒక్కటే, మా అరుగు మీద కూర్చొని పన్ను పీకించుకున్న వాడవాళ్లలో ఒక్కరికీ పసిరికలు కాలేదు. ఈ సంగతి ఊరు కూడా గమనించింది. ఊరు కనిపెట్టిన కారణం ఇది: "కష్టం జేసే వాళ్ల నెత్తురు గట్టిది. మనది నాజూకు."

ఇన్‌స్పెక్టరు మళ్లీ వచ్చాడు. నేనే ఎదురుపోయి పెట్టె, గిన్నె, ఎంగిలి, అన్నీ చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. "ఇవి స్థానిక ఆచారాలండీ. సున్నితమైన విషయం," అని వెనక వాకిట్లోకి వెళ్లి, మసులుతున్న గిన్నెను చూసి, పరికరాలు సక్రమంగా మరగబెడుతున్నారని రాసుకున్నాడు. తను రాసింది నాకు చదివి కూడా వినిపించాడు, ఆడవాళ్లలో ఇంత చైతన్యం ఉండటం సంతోషమని అన్నాడు.

కొన్ని రోజులకు బాపును మా తమ్ముడు బండిలో వేసుకొని వచ్చాడు. అప్పటికే ఊళ్లో పసరు పోశారు, రెండు మణికట్ల మీదా వాతలు పెట్టారు. కళ్లు, గోళ్లు, అరచేతులు అన్నీ పచ్చగా ఉన్నాయి. బాపు మొహం చూసి మా ఆయన లోపలికి పోయి, తాళం తీసి, పెట్టెలో సామానంతా గిన్నెలో వేశాడు. మర్నాటి నుంచి పెద్దమనుషులు మా మడిగె మెట్లు ఎక్కలేదు. మా ఆయనను నేను అనవలసింది అప్పుడు చాలా ఉండింది, ఇప్పటికీ ఉంది.

దవాఖానలో డాక్టరు మందు రాసి, ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారు కాబట్టి ఆయన గిలాస, పళ్లెం వేరే పెట్టి రోజూ మసలబెట్టమని చెప్పాడు. బాపును వెనక వసారాలో మంచం మీద పడుకోబెట్టాం. ఊరి నుంచి చూడడానికి వచ్చినవాళ్లతో మొదట్లో హుషారుగానే మాట్లాడాడు. "గిది ఉత్త పసిరిక గాదురా. పటేలు ఇంటి పసిరిక," అనేవాడు. వాళ్లు నవ్వేవాళ్లు. నాకు ఒళ్లు మండేది.

మూడో రోజు నేను మూడు రాళ్ల మీద నీళ్లు పెట్టి ఆయన గిలాస, పళ్లెం అందులో వేస్తుంటే మంచం మీద నుంచి చూశాడు.

"ఏం జేస్తున్నవు బిడ్డా?"

"గిలాస మసలబెడ్తున్న బాపూ. దవాఖాన డాక్టర్ చెప్పిండు."

"అందరియా? నాదొక్కటేనా?"

"నీదే," అన్నాను.

గిన్నెలో కుతకుతలాడుతున్న గిలాస వైపు చూశాడు. తర్వాత, "అయితె నాకు ఎంగిలున్నదన్నట్టు," అన్నాడు.

కాదు బాపూ అన్నాను. రోగం అన్నాను, పురుగు అన్నాను, నోరు తిరగకపోయినా సూక్ష్మక్రిములు అన్నాను. పిల్లల కోసమని చెప్పాను, ఏడ్చాను. ఆయన తల ఊపుతూ విన్నాడు, నన్ను ఓదార్చినట్టు. మసలబెట్టడానికి మేం ఊరికి నేర్పిన అర్థం ఒక్కటే. ఆ ఒక్కటీ ఆయన బాగా నేర్చుకున్నాడు.

సాయంత్రం గిలాసలో నీళ్లు తీసుకుపోతే అందుకోలేదు. మెల్లగా లేచి మంచం పట్టెకు ఆనుకొని, ముందుకు వంగి, రెండు చేతులూ దోసిలి పట్టి గదుమ కింద పెట్టుకున్నాడు. "ఎత్తి పొయ్యి బిడ్డా. నీ గిలాసకు నా ఎంగిలెందుకు? పటేలు వాకిట్ల గిట్లనె తాగిన, నాకు అలవాటే."

నేను పోశాను. పదకొండు రోజులు అట్లాగే పోశాను, పిల్లలు గడప అవతల నిలబడి చూస్తుండగా. పన్నెండో రోజు ఆయనకు చేతులు కలిపే ఓపిక లేకపోయింది. గిలాస పెదవులకు ఆనించబోయాను. బాపు మూతి పక్కకు తిప్పుకున్నాడు.